తెలియక చెయ్యెత్తాను: కోనసీమ చేలల్లో డ్రోన్ నేర్చుకున్న నా అనుభవం

2025 జనవరి 21, మంగళవారం. మా డ్వాక్రా సంఘం మీటింగు ఎప్పటిలాగే ఊళ్ళో సంఘాల లెక్కలు చూసే వీఓఏ అక్క ఇంటి అరుగు మీద. వాయిదాల లెక్కలు అయ్యాక ఆవిడ, "డ్రోన్ ట్రైనింగుకి మన సంఘం నుంచి ఒకరు వెళ్ళాలంట. పది పాసై ఉండాలి. ఎవరెళ్తారు?" అంది. పది మందిలో పది పాసైనవాళ్ళం ముగ్గురం. ఒకామె ఒళ్ళో చంటిపిల్ల. ఇంకొకామె "మా ఆయన ఒప్పుకోరు" అని అడగకుండానే చెప్పేసింది. నేను చెయ్యెత్తాను.

ధైర్యం ఉండి కాదు. అంతకి ఆరు రోజుల ముందు, కనుమ నాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం. దేవుడి ప్రభని భుజాల మీద ఎత్తుకుని కౌశిక నదిలోకి దిగుతుంటే పైన వీడియో తీసేవాళ్ళ డ్రోన్ ఒకటి గుయ్‌మంటూ తిరిగింది. అరచేతిలో పట్టేంత ఉంది. డ్రోన్ అంటే అదేననుకున్నాను. పెళ్ళిళ్ళకి, తీర్థాలకి వీడియోలు తీసుకోవచ్చులే అని లెక్కలు కూడా వేసుకున్నాను. ఇది ఆరు రెక్కలతో, ట్యాంకు నిండా మందుతో చేల మీద ఎగిరేదనీ, ఖరీదు పది లక్షలనీ అప్పుడు తెలిసుంటే చెయ్యి ఒళ్ళోనే ఉండేది.

తెలిసేసరికి పేరు వెళ్ళిపోయింది. కేంద్రం వాళ్ళ డ్రోన్ దీదీ పథకం ఇది. ఖరీదులో 80 శాతం, 8 లక్షలకి మించకుండా, సబ్సిడీ. మిగతాది సంఘం అప్పు. మా మీద పడేది రెండు లక్షలు. పది మంది సంతకాలు పెట్టారు, ఎగరేసేది మాత్రం నేను. మా ఆయన కొబ్బరికాయల ఒలుపు పని చూస్తారు. విని ఏమీ అనలేదు, అన్నం తిని లేచిపోయారు. మా అత్తగారు మాత్రం, "పదిహేను రోజులేగా. వంట మేం చేసుకోలేమా? వెళ్ళు" అన్నారు. పదమూడేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను ఎక్కడికైనా వెళ్ళమనడం అదే మొదలు.

కాగితాల దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. పదో తరగతి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇద్దరూ ఒకరేనని అమలాపురంలో నోటరీ చేత రాయించడానికి 500. డాక్టరు ఫిట్‌నెస్ కాగితానికి 200. ఫొటోలు, జిరాక్సులు, ఆటోలు కలిపి ఇంకో 640. పాస్‌పోర్టు కూడా కావాలని ఎవరో అంటే రెండు రాత్రులు నిద్రపట్టలేదు, తీరా అది అక్కర్లేదన్నారు. పెళ్ళయిన ఆడవాళ్ళు ఎవరైనా దీనికి వెళ్తే ఇంటిపేరు సంగతి ముందే చూసుకోండి. నాకు అక్కడే తొమ్మిది రోజులు పోయాయి.

ఫిబ్రవరి 12న మండలంలో ఇంటర్వ్యూ. రెండే ప్రశ్నలు: స్మార్ట్‌ఫోన్ వాడతావా, పదిహేను రోజులు ఇల్లొదిలి ఉండగలవా. తర్వాత చప్పుడు లేదు. ఏప్రిల్ 9న ఫోనొచ్చింది. చెయ్యెత్తిన రోజు నుంచి 78 రోజులు. ఈ మధ్యలో ఉత్సాహం చల్లారిపోయింది, భయం మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

ట్రైనింగు విజయవాడ దాటి ఎక్కడో. రాత్రి బస్సుకి వెళ్ళాను. ఏప్రిల్ 21 నుంచి మే 5 దాకా, మండే ఎండల్లో. మొదటి ఐదు రోజులు పైలట్ సర్టిఫికెట్ కోసం, మిగతా పది రోజులు మందులు, వాటిని చిమ్మే నాజిళ్ళు, బ్యాటరీల గురించి. హాస్టల్లో పద్నాలుగు మందిమి, అగ్రికల్చర్ బీఎస్సీ చదివిన పిల్ల నుంచి నాలాంటి పది పాసుల దాకా. నేర్పే సారుకి ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. అందర్నీ మేడమ్ అనేవాడు.

మొదటి క్లాసులో పిచ్, రోల్, యా అంటూ బోర్డు మీద రాసుకుంటూ పోతున్నాడు. అందరూ తలూపుతున్నారు. నేను లేచి, "సార్, ఈ మూడింటికీ తేడా నాకు తెలియలేదండీ" అన్నాను. వెనక నుంచి నవ్వులు. సారు నవ్వలేదు. తన చెప్పు విడిచి చేత్తో పట్టుకుని చూపించాడు: ముక్కు దించితే ముందుకి పోతుంది, అది పిచ్. పక్కకి వాలితే రోల్. ఉన్నచోటే గిరగిరా తిరిగితే యా. ఆ రోజు నేను పద్నాలుగు ప్రశ్నలు అడిగాను, నోట్సు చివర గీతలు పెట్టుకున్నాను కాబట్టి గుర్తుంది. ప్రతిదానికీ ఎవరో ఒకరు నవ్వారు. రాత్రి అన్నాలయ్యాక నవ్వినవాళ్ళలోనే నలుగురు నా మంచం దగ్గరికి వచ్చి, "అక్కా, ఆ చెప్పు సంగతి ఇంకోసారి చెప్పవా" అన్నారు.

అగ్రికల్చర్ చదివిన పిల్ల మాత్రం రాలేదు. తెలివైనదే, పుస్తకం మొత్తం ఒక్క రాత్రిలో చదివేసింది. కానీ చదువుకున్నదాన్ని కదా, ఎలా అడగను అనే మొహమాటం. మూడో రోజు తనకి అర్థంకానిది గ్రౌండులో బయటపడి ఏడ్చేసింది. నాకు ఆ ఇబ్బంది లేదు. నాకు ఏమీ రాదని అందరికీ ముందే తెలుసు, దాచుకోవాల్సింది ఏముంది? కొత్తవాళ్ళకి ఉన్న ఒక్క ఆస్తి ఇదేనని నాకనిపిస్తుంది. ఆర్నెల్లు పోతే అదీ ఉండదు. అప్పుడడిగితే "ఇన్నాళ్ళూ ఏం చేశావ్" అంటారు.

సిమ్యులేటర్ మీద మొదటి రోజు 23 సార్లు కూలదోశాను. కంప్యూటర్‌లో కాబట్టి సరిపోయింది. అసలు కష్టమంతా డ్రోన్ ముక్కు మనవైపు తిరిగినప్పుడు. మన కుడి దాని ఎడమైపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని పిల్లకి పాపిడి తీసినట్టు ఉంటుందది. అలా అనుకున్నాకే నాకు చెయ్యి తిరిగింది. ఇంకొకటి, జీపీఎస్ ఆపేసి ఎగరేయించడం. జీపీఎస్ ఉంటే చెయ్యి తీసినా డ్రోన్ ఉన్నచోటే నిలబడుతుంది. లేకపోతే తాడు విప్పిన దోనెలా గాలి ఎటుంటే అటు కొట్టుకుపోతుంది. ప్రతి క్షణం మనమే సర్దుతూ ఉండాలి.

పరీక్ష ఏప్రిల్ 26, శనివారం. రాతపరీక్ష గండం గట్టెక్కింది. గ్రౌండులో చతురస్రం తిప్పాను, గుండ్రంగా తిప్పాను, ఎనిమిది అంకె దగ్గర జెండా దాటి బయటికి పోయింది. ఫెయిల్. సాయంత్రం మళ్ళీ రమ్మన్నారు. మోకాళ్ళు వణుకుతున్నాయి, సల్వార్ కదులుతుంటే నాకే కనిపిస్తోంది. సారు పక్కకి వచ్చి మెల్లగా, "భయం కాళ్ళలో ఉంటే ఉండనీండి మేడమ్. బొటనవేళ్ళలోకి మాత్రం రానివ్వకండి" అన్నాడు. రెండోసారి పాసయ్యాను. కాళ్ళు మాత్రం రాత్రి పడుకునేదాకా వణికాయి.

సర్టిఫికెట్ మే 27న వచ్చింది, పదేళ్ళు చెల్లుతుంది. డ్రోన్ వచ్చింది జూలై 18న. మధ్యలో 52 రోజులు. దీని గురించి ఎవరూ చెప్పరు: చేతికి వచ్చిన విద్య చేతిలోంచే జారిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. నేను ఒక పెద్ద బంగాళాదుంపలో రెండు అగ్గిపుల్లలు గుచ్చి రిమోట్‌లా పట్టుకునేదాన్ని. మా అబ్బాయి ఎదురుగా కూర్చుని, "ముక్కు నీ వైపు, కుడికి పో! లేపు! గాలొచ్చింది!" అని అరిచేవాడు. తప్పు పుల్ల కదిపితే "టప్" అనేవాడు. వాడికి ఆట, నాకు పరువు. మూడు నాలుగు రోజులకొక దుంప మార్చేదాన్ని. ఆ వేసవిలో మా ఇంట్లో దుంపల కూర కొంచెం ఎక్కువే అయింది.

డ్రోన్ వచ్చిన రోజు ఊరంతా వచ్చింది. పుంతరోడ్డు మీద ఒక తాతగారు, "ఆడోళ్ళు ఇమానం తోలతారంట, సూడాల" అన్నారు. ఐదు జతల బ్యాటరీలు, చార్జర్లు, గాలివేగం కొలిచే మీటరు, అదనపు రెక్కల సెట్టు, పెద్ద పెట్టె. పెట్టె మామూలు ఆటోలో పట్టలేదు. ఎక్కడికి వెళ్ళినా గూడ్స్ ఆటో, దూరాన్ని బట్టి 300 నుంచి 500. పొలం గట్టు మీద కరెంటుండదు కాబట్టి చార్జింగుకి జనరేటరు అద్దె. అది మా తోడికోడలి అన్నయ్యది, పెట్రోలు పోసుకుంటే చాలన్నారు. దిగిన బ్యాటరీ వేడిగా ఉంటే చార్జింగు పెట్టకూడదు, చల్లారేదాకా నీడలో ఆరబెట్టాలి. పక్కన సాయానికి ఒక మనిషి ఉండాలి. మా మరిది ఐదు రోజుల అసిస్టెంటు ట్రైనింగు తీసుకుని వచ్చాడు, ఎకరానికి వంద.

పదిహేను రోజులు ఉత్త నీళ్ళతో కొట్టాను. గాలి సంగతి అప్పుడు తెలిసింది. మాది సముద్రానికి దగ్గర. పొద్దున్న ఆరింటికి మీటరులో ఒకటి, ఒకటిన్నర చూపిస్తుంది. పది దాటితే సముద్రపు గాలి మొదలై నాలుగు, ఐదుకి పోతుంది. సెకనుకి మూడు మీటర్లు దాటితే నేను ఎగరేయను, మందు పక్క చేలోకి పోతుంది. అంటే నాకున్నది రోజుకి మూడు, మూడున్నర గంటలు. రైతులేమో టీలు తాగి, కబుర్లు చెప్పుకుని తొమ్మిదిన్నరకి తీరిగ్గా "రామ్మా" అంటారు. కొంగలు పట్టించుకోవు గానీ గద్దలు మీదకొస్తాయి. పిల్లలు డ్రోన్ కిందకే పరిగెడతారు. వాళ్ళని దూరంగా ఉంచడానికే ఒక మనిషి కావాలి.

ఆగస్టు 6న మొదటిసారి డబ్బులకి కొట్టాను. మా చినమావయ్యగారి రెండెకరాల వరి, ఆకుముడత పురుగుకి. ఎకరానికి 400. చేత్తో కొడితే ఎకరానికి 200 లీటర్ల దాకా నీళ్ళు పడతాయి, ఇందులో 8 నుంచి 10 లీటర్లు. పది నిమిషాల్లోపే ఎకరం అయిపోయింది. చినమావయ్యగారు గట్టు మీద గొడుగు మడిచి నిలబడి, "అయిపోయిందా? సరిగ్గా పడిందంటావా?" అని మూడుసార్లు అడిగారు. నాకూ అదే అనుమానం. "పడిందండీ" అన్నాను.

తర్వాత రెండు వారాలు ఎవరు పిలిచినా సరేనండీ, ఏ చేనైనా సరేనండీ. అదే నా కొంప ముంచింది.

ఆగస్టు 19. నాలుగెకరాల చేను, మధ్యలో రైతు దొడ్డి, దొడ్డి చుట్టూ ముదురు కొబ్బరి చెట్లు. నేను దొడ్డికి ఇటువైపు నిలబడ్డాను, డ్రోన్ అటువైపు. మొదటిరోజు నుంచీ చెట్ల సందులోంచి చూస్తూ కొట్టకూడదని నేర్పారు. కానీ అటువైపు గట్టంతా బురద, చుట్టూ తిరిగి వెళ్ళాలంటే పదిహేను నిమిషాలు. అప్పటికే తొమ్మిదైంది. బ్యాటరీ తగ్గితే డ్రోన్ దానంతటదే ఇంటికి, అంటే ఎక్కడ లేచిందో అక్కడికి, తిరిగొస్తుంది. ముందుగా పెట్టిన ఎత్తుకి లేచి, అక్కణ్ణించి తిన్నగా వచ్చేస్తుంది. ట్రైనింగు గ్రౌండులో ఆ ఎత్తు 15 మీటర్లు, అక్కడ చెట్లు లేవు. నేను అదే ఉంచేశాను. మా కొబ్బరి చెట్టు ఎంతెత్తు ఉంటుందో నాకు తెలియదా? పుట్టినప్పట్నుంచీ వాటికిందే బతుకుతున్నాను. ఒక్కసారి తలెత్తి చూసుకోలేదు.

రిమోట్ పీకు పీకుమంది. డ్రోన్ లేచింది. ముక్కు నా వైపు తిప్పింది. చెట్ల వైపే వస్తోంది. మోడ్ మార్చి స్టిక్ పైకి తోస్తే చాలు, దుంప మీద వందసార్లు చేసిన పనే. మావాడి గొంతు కూడా వినిపించింది, "లేపు!" అని. బొటనవేళ్ళు కదల్లేదు. మట్టల్లో టపటపటపమని చప్పుడు, రెండు ఆకులు తెగి కిందపడ్డాయి, తర్వాత నిశ్శబ్దం. డ్రోన్ కింద పడలేదు. గెలకి, మట్టకి మధ్య ఇరుక్కుని వేలాడుతోంది. ట్యాంకులోంచి మందు చుక్కచుక్కగా కారుతోంది.

కొబ్బరికాయల దింపు తీసే ఆయన్ని పిలిపించాం. వెంటనే ఎక్కబోతుంటే ఆపాను. మందు కారడం ఆగేదాకా ముప్పావుగంట కూర్చోబెట్టి, గ్లౌజులు, నా కళ్ళజోడు, మొహానికి తువ్వాలు కట్టించి ఎక్కించాను. తాడు కట్టి మెల్లగా దించాడు. దిగొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంటూ, "కాయలు దింపానండీ, తేనెపట్టు దింపానండీ, ఇమానం దింపడం మాత్రం ఇదే మొదలండీ ఆయ్" అన్నాడు. చుట్టూ ఉన్న పాతికమందీ నవ్వారు. నేనూ నవ్వాను, ఏడుపు ఆపుకోడానికి. చెట్టుకి నలభై తీసుకునే మనిషి, 300 ఇస్తే మొహమాటపడుతూ తీసుకున్నాడు.

డ్రోన్ చేతులు రెండు విరిగాయి, మూడు రెక్కలు, ఒక మోటారు, పగిలిన ట్యాంకు. బిల్లు 38,400. ఇన్సూరెన్సు ఉంది గానీ ముందు మనం కట్టుకుని తర్వాత తెచ్చుకోవాలి. సంఘంలో చెప్పడానికి వెళ్ళినప్పుడు గడప దగ్గరే నిలబడిపోయాను. తొమ్మిది మందీ నా వైపు చూస్తున్నారు. ఒకామె, "ముందే అనుకున్నా" అంది. నిజానికి ఆవిడ ముందు ఏమీ అనలేదు. వీఓఏ అక్క నీళ్ళిచ్చి, "నువ్వు తప్ప ఇంకెవరికొచ్చు దాన్ని ఎగరేయడం? నువ్వే ఎగరేయాలి" అంది. ఓదార్పో, బెదిరింపో ఇప్పటికీ తెలియదు. పొదుపులోంచి 20,000 ఇచ్చారు, మిగతాదానికి నా గొలుసు బ్యాంకుకి వెళ్ళింది.

మర్నాడు ఆ రైతు ఇంటికి వెళ్ళాను. మా ఆయన వద్దన్నారు, "ఆయనే ఫోన్ చేస్తారులే" అని. నాలుగెకరాల్లో రెండెకరాలు మందు పడకుండా ఉంది, దాన్ని చేత్తో కొట్టించే కూలి నేనిస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "కూలి వద్దులే అమ్మా. బాగయ్యాక మా చేను కొట్టి పో. ఈసారి అటువైపు నిలబడు" అన్నారు. ఆ మాటతో పెద్ద బరువేదో దిగింది. డ్రోన్ చెట్టులో ఇరుక్కున్నప్పటికంటే ఆ గేటు తీయడానికే నాకెక్కువ భయం వేసింది.

రిపేరుకి 20 రోజులు. సెప్టెంబరు 8న మళ్ళీ లేపాలి. అదే చేను, బురద గట్టు మీదుగా ఈసారి అటువైపుకే వెళ్ళాను. రిమోట్ పట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డాను. మరిది గాలి చూశాడు, బ్యాటరీ చూశాడు, మళ్ళీ గాలి చూశాడు. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు లేపాను. నాలుగెకరాలు, ఐదు విడతలు. తిరిగొచ్చే ఎత్తు ఇప్పుడు 30 మీటర్లు. రిమోట్ వెనక గోళ్ళరంగుతో 30 అని రాసుకున్నాను, లేపే ప్రతిసారీ తిప్పి చూస్తాను. చెరిగితే మళ్ళీ రాస్తాను.

నేర్చుకున్నాను అనుకున్నానా, అక్టోబరులో దోమపోటు వచ్చింది. మా దగ్గర స్వర్ణ రకం వరి ఎక్కువ, దానికి దోమ తట్టుకునే శక్తి తక్కువ. ఏడెకరాల చేను, యూరియా మెండుగా వేసిన చేను, దుబ్బులు గొడుగుల్లా కమ్ముకుని ఉన్నాయి. కొట్టాను. మూడో రోజు రైతు ఫోను: "పైన తడిసిందమ్మా, కింద దోమ సుబ్బరంగా ఉంది." వెళ్ళి దుబ్బు విడదీసి చూస్తే మొదట్లో నీటికి బెత్తెడు పైన గోధుమరంగు దోమ మూగి ఉంది. నా మందంతా ఆకు మీదే ఆగిపోయింది.

రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకురాలిని అడిగాను. నాకంటే పదేళ్ళు చిన్నది. నీళ్ళు తీసేయించమంది. రెండు మీటర్లకొకటి, ఇరవై సెంటీమీటర్ల వెడల్పున దుబ్బుల మధ్య పాయలు, అంటే ఖాళీ బాటలు, తీయించమంది. అప్పుడే కిందికి గాలీ మందూ దిగుతాయి. ఎకరానికి 8 లీటర్ల బదులు 12 పెట్టి, వేగం తగ్గించి మళ్ళీ కొట్టాను. చేను అప్పటికే సుడులుగా ఎండుతున్న చోట్ల డ్రోన్ పక్కనపెట్టి, నేనూ మరిదీ చేతిపంపు వేసుకుని మొదళ్ళకి కొట్టాం. ఆ రెండోసారికి డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు దోమకి పిలిస్తే మొదట అడిగేది, "పాయలు తీశారా అండీ?" తీయకపోతే రానంటాను. ఇద్దరు రైతులు కోపగించుకుని వేరేవాళ్ళని పిలిచారు. ఒకాయన తర్వాత తిరిగొచ్చారు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మేం డ్రోన్ పెట్టెని మంచం మీద పెట్టి, కింద మేం పడుకున్నాం. తెల్లారి చూస్తే గింజ పాలుపోసుకున్న చేలు, పండిన చేలు, అన్నీ నీళ్ళలో చాపలా పరుచుకున్నాయి. రెండో రోజుకల్లా ఫోన్లు. పడిపోయిన కంకి మొలకెత్తకుండా ఉప్పు నీళ్ళు కొట్టాలి, లీటరుకి 50 గ్రాములు. "నీ డ్రోన్‌తో అయితే గంటలో అయిపోద్ది కదమ్మా" అని ఐదారుగురు. అందులో చినమావయ్యగారు కూడా.

కంకులు బాగా తడవాలంటే ఎకరానికి 200 లీటర్లు పోయాలి. నా ట్యాంకు పది లీటర్లు. ఎకరానికి ఇరవైసార్లు లేపి దించాలి. పైగా ఉప్పు మోటార్లని తినేస్తుంది. ఆగస్టులో అయితే సరేనండీ అనేదాన్ని. కష్టంలో ఉన్నవాళ్ళకి, అందులోనూ చినమావయ్యగారికి, కాదని చెప్పడం నాకు ఎనిమిది అంకె కంటే కష్టమైంది. "దీంతో అవదండీ మావయ్యగారూ, పవర్ స్ప్రేయరు తెప్పించుకోండి, మేం వచ్చి సాయం పడతాం" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. మా ఆయన, మరిది, నేను ముగ్గురం వెళ్ళి గొట్టాలు పట్టుకున్నాం. మధ్యాహ్నం అత్తయ్యగారు పులిహోర పంపారు. చినమావయ్యగారు మాట్లాడింది మాత్రం సాయంత్రమే: "నీళ్ళు అటు పట్టు."

సార్వా, అంటే వానాకాలం పంట, లెక్క ఇది. 214 ఎకరాలు, ఎకరానికి 400 చొప్పున 85,600. మరిదికి 21,400, గూడ్స్ ఆటోలకి 14,200, పెట్రోలుకి 9,300, రిపేరు 38,400, చెట్టెక్కినాయనకి 300. మిగిలింది అక్షరాలా 2,000. అప్పు వాయిదాలు ఇందులో కలపలేదు, అవి సంఘం పొదుపులోంచి కట్టాం. ఇన్సూరెన్సు డిసెంబరు 12న వచ్చింది, చెట్టుకి తగిలిన 115 రోజులకి, 24,000. సంఘం వాళ్ళ 20,000 ఇచ్చేశాను. గొలుసు ఇంకా బ్యాంకులోనే ఉంది.

"ముందే అనుకున్నా" అన్నామె మొన్న మీటింగులో దాళ్వా, అంటే రెండో పంట, గురించి ఇంకో మాట అంది: "దాళ్వాకి మా అన్నయ్య వాళ్ళవి మూడెకరాలున్నాయి, రేటు కొంచెం తగ్గించి కొడతావా?" తగ్గించనన్నాను. ఫిబ్రవరి 3, పొద్దున్న ఆరింటికి రమ్మంది. వాళ్ళ గట్టు మీద ఎన్ని కొబ్బరి చెట్లున్నాయో, కరెంటు తీగ ఎటు పోతోందో ముందురోజు సాయంత్రం వెళ్ళి చూసి రావాలి.